పేరు ఎవరి పేరున ఉంది?

నా మేనకోడలు గుంటూరులో చిన్నపిల్లల దుస్తులు కుట్టి, ఇన్నాళ్లూ వాట్సాప్ ద్వారానే అమ్ముతూ వచ్చింది. ఈ రమజానుకు ముందే సొంత వెబ్‌సైటు ప్రారంభించాలని సంకల్పించి మొన్న ఫోను చేసింది. "మామూ! తెలిసిన కుర్రవాడొకడు పదిహేను వేలకు అన్నీ తానే చూసుకుంటానంటున్నాడు. పేరు, సర్వరు, మెయిలు ఏదీ నేను ముట్టుకోనక్కరలేదట" అన్నది ఎంతో ఊరటగా. ఆ ఊరటే నన్ను కలవరపెట్టింది. "బేటీ, పేరు మాత్రం నువ్వే తీసుకో. మిగిలినవి తరువాత మాట్లాడుకుందాం" అన్నాను.

అన్నీ ఒకరే చూసుకోవడం మా ఇంట ఒకసారి జరిగింది. మా అన్నగారికి అత్తరు దుకాణం ఉంది. కొన్నేళ్ల క్రితం పరిచయస్థుడైన ఒక యువకుడు దానికి చక్కని వెబ్‌సైటు నిర్మించి ఇచ్చాడు. నిజాయితీపరుడు, అనుకున్న దానికంటే ఒక్క రూపాయి అధికంగా తీసుకోలేదు. అయితే పని తేలికవుతుందని డొమైన్ పేరును తన ఖాతాలో, తన మెయిలుతో, తన ఫోను నంబరుతో నమోదు చేశాడు. మేమూ అడగలేదు. రెండేళ్లకు అతడు ఉద్యోగ నిమిత్తం గల్ఫ్‌కు వెళ్లాడు. ఇక్కడి సిమ్ మూగబోయింది. ఆ పాత మెయిలును తెరిచే అవసరం అతనికి కలగలేదు.

డొమైన్ పేరును మనం కొన్నామని అంటాం గాని, నిజానికి అది కౌలు. ఏడాదికో, కొన్నేళ్లకో రుసుము చెల్లించి గడువు పొడిగించుకోవాలి. డాట్ కామ్ వంటి పేర్లకు గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు మరొకసారి, గడువు దాటిన 5 రోజులలోపు ఇంకొకసారి హెచ్చరిక పంపాలన్నది నియమం. మాకూ ఆ హెచ్చరికలు వచ్చే ఉంటాయి. ఎవరూ చూడని పెట్టెలోకి. ఒక ఉదయం వెబ్‌సైటు తెరుచుకోలేదు. అదే పేరుతో నడిచే మెయిలు కూడా నిలిచిపోయింది కనుక, ఆర్డర్లు పంపినవారి ఉత్తరాలు సైతం మాకు చేరలేదు.

గడువు ముగిసిన వెంటనే పేరు పరాయిదైపోదు. కొన్ని రోజులు మామూలు రుసుముతోనే పునరుద్ధరించుకోవచ్చు. ఆ తరువాత నమోదు సంస్థ దానిని తొలగిస్తే, 30 రోజులపాటు భారీ రుసుముతో విడిపించుకునే అవకాశం ఉంటుంది. అది కూడా దాటితే 5 రోజుల నిరీక్షణ, ఆపైన ఎవరు ముందు నమోదు చేసుకుంటే వారిదే. అన్నగారు ఎంత రుసుమైనా చెల్లించడానికి సిద్ధంగానే ఉన్నారు. కాని ఖాతా తెరవాలంటే మెయిలు తెరవాలి. మెయిలు తెరవాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ వెళ్లేది మూగబోయిన సిమ్‌కు. ఆ యువకుడు అక్కడి నుండి పాపం ఎంతో ప్రయత్నించాడు. ఫలించలేదు. రెండు నెలల తరువాత అన్నగారి దుకాణం పేరు టైపు చేసిన వారికి జూదపు ప్రకటనల పేజీ ఎదురయింది. అత్తరు సీసాల మీద అచ్చయిన చిరునామా అదే! ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్కొక్క సీసాకు తెల్ల కాగితం అంటించిన ఆ రాత్రులు నాకింకా గుర్తున్నాయి.

అందుకే మేనకోడలికి ముందుగా పేరు సంగతే చెప్పాను. నమోదు ఆమె పేరున, ఆమె రోజూ చూసే మెయిలుతో జరగాలి. ఆ మెయిలు కొత్త డొమైనుకు చెందినది కాకూడదు. పేరు ఆగితే మెయిలూ ఆగుతుంది కదా. గడువు దానంతటదే పొడిగింపబడే ఏర్పాటు పెట్టుకోవాలి, అయినా కార్డు కాలం చెల్లి ఆ చెల్లింపు విఫలం కావచ్చు కాబట్టి తేదీని గోడమీది క్యాలెండరులోనూ రాసుకోవాలి. రెండంచెల భద్రతకు సిమ్ ఒక్కదాన్నే నమ్ముకోక, ఆథెంటికేటర్ యాప్ వాడి, అత్యవసర కోడ్‌లను కాగితం మీద ముద్రించి ఇంటి దస్తావేజుల పక్కన బీరువాలో ఉంచాలి. పనిచేసే కుర్రవాడికి పాస్‌వర్డ్ ఇవ్వనవసరం లేదు. వేరుగా అనుమతి ఇచ్చి, పని ముగిశాక తీసివేయవచ్చు.

సర్వరు గురించి ఇంత చింత అక్కరలేదు. నలభై రకాల గౌన్లు అమ్మే దుకాణానికి నెలకు కొన్ని వందల రూపాయల హోస్టింగ్ చాలు. నచ్చకపోతే మారవచ్చు, పేరు మన చేతిలో ఉన్నంతవరకు. వెబ్‌సైటు భద్రతా ధ్రువపత్రానికి ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సేవ దానిని ఉచితంగానే ఇస్తుంది. అయితే దాని గడువు 90 రోజులకు మించదు కనుక తిరిగి తీసుకోవడం యాంత్రికంగా జరిగేలా అమర్చమనండి.

బ్యాకప్ ఉందని చెప్పేవారు అనేకులు, దాని నుండి సైటును తిరిగి నిలబెట్టి చూసినవారు బహు స్వల్పం. ఒక ప్రతి సర్వరుకు వెలుపల ఉండాలి, ఏడాదికి రెండుసార్లయినా దానిని తెరిచి చూడాలి.

ఇక కొనుగోలుదారుల వివరాలు. 2022 అక్టోబరు 1 నుండి వ్యాపారులు కార్డు నంబర్లను తమవద్ద భద్రపరచరాదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది; చెల్లింపులు గేట్‌వే ద్వారా జరిగితే ఆ బాధ మనకు ఉండదు. కాని స్త్రీల ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు మన దగ్గరే ఉంటాయి. అవి అమానత్. లింకు ఉన్నవారెవరైనా తెరవగల పట్టికలో వాటిని రాసిపెట్టే అలవాటు మా మేనకోడలికీ ఉన్నది. ఆ మాట చెప్పగానే ఫోను పెట్టేసి ముందు దానిని మూసివేసింది.

నిన్న మళ్లీ ఫోను చేసింది. కోరుకున్న పేరు డాట్ కామ్‌లో దొరకలేదట, డాట్ ఇన్‌లో దొరికిందట. ఖాతా తన పేరునే తెరిచింది. ఆపత్సమయానికి తన అమ్మీ నంబరు కూడా ఇచ్చింది. కుర్రవాడు నొచ్చుకుంటాడేమోనని భయపడిందట గాని, అతడు "మంచిదే ఆపా, ఏడాదేడాదీ తేదీలు గుర్తుపెట్టుకునే బరువు నాకు తప్పింది" అన్నాడట. బ్యాకప్ తెరిచి చూసే పని వచ్చే ఆదివారానికి పెట్టుకున్నారు.