పైకి పోదామనే సైగ

ఎడిన్‌బరోలోనో గ్లాస్గోలోనో చదువుకుంటున్న కొడుకు సెలవులకు ముందు ఫోన్ చేసి, “అమ్మీ, ఈసారి స్నేహితులందరం ఆర్క్నీ దీవులకు వెళ్తున్నాం. సముద్రం అడుగున మునిగిపోయిన యుద్ధనౌకలున్నాయట, స్కూబా డైవింగ్ చేసి చూసొస్తాం” అంటాడు. ఇక్కడ గుంటూరులోనో కర్నూలులోనో ఉన్న తల్లి చెవికి అందులో ‘సముద్రం అడుగు’ అనే మాటొక్కటే వినిపిస్తుంది. “వద్దు బేటా” అని ఆమె ఒక్క మాటలో తేల్చేస్తుంది. ఆమె భయం సహజమైనదే. కాని ఆ ఒక్క మాటతో సంభాషణ ముగిసిపోతే, మరుసటిసారి అబ్బాయి చెప్పకుండానే వెళ్తాడు. విషయం తెలుసుకుని నాలుగు ప్రశ్నలు అడగగలిగిన తల్లిదండ్రుల మాటకు పిల్లల దగ్గర ఎక్కువ విలువ ఉంటుంది. అందుకే ఈ నెల ఆ చల్లని సముద్రం గురించి కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఆ తీరం కథ

స్కాట్లాండ్ ప్రధాన భూభాగం ముగిసిన చోట, వడిగా పారే పెంట్లాండ్ ఫర్త్ అనే జలసంధికి ఆవల ఆర్క్నీ దీవులున్నాయి. చిన్నవీ పెద్దవీ కలిపి సుమారు 70. మనుషులు కాపురముండేవి మాత్రం 20 వరకే. కొన్ని దీవులు చుట్టూ గోడ కట్టినట్లు నిలబడగా వాటి నడుమ ఏర్పడిన విశాలమైన సహజ నౌకాశ్రయం పేరు స్కాపా ఫ్లో. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బ్రిటిష్ నౌకాదళానికి అది ముఖ్య స్థావరం.

మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ఆగినప్పుడు జర్మనీకి చెందిన 74 నౌకలను తెచ్చి ఇక్కడ నిర్బంధించారు. వాటి భవితవ్యం మీద నెలల తరబడి చర్చలు సాగాయి. నౌకలు శత్రువుల చేతికి పోతాయేమోనని భయపడిన జర్మన్ అధికారి లుడ్విగ్ ఫాన్ రాయిటర్ 1919 జూన్ 21న వాటన్నిటినీ ముంచివేయమని తన సిబ్బందికి రహస్యంగా ఆజ్ఞ ఇచ్చాడు. కవాటాలు తెరిచారు. సాయంత్రానికల్లా 52 నౌకలు నీట మునిగాయి. తరువాతి కాలంలో చాలా నౌకలను పైకి లేపి ఇనుము కింద అమ్ముకున్నారు. మిగిలిన వాటిలో ప్రధానమైనవి ఏడు: మూడు పెద్ద యుద్ధనౌకలు, నాలుగు క్రూయిజర్లు. వాటి కోసమే దేశదేశాల డైవర్లు స్ట్రామ్‌నెస్ రేవుకు వస్తారు.

నూరేళ్ళు దాటిన ఆ ఇనుము మీద ఇప్పుడు జీవం అల్లుకుని ఉంది. ఆకుపచ్చని మసక నీటిలో టార్చిలైటు వేస్తే, తుప్పుపట్టిన ఫిరంగి గొట్టాల మీద తెల్లని మెత్తని పగడపు జీవులు, పూలగుత్తుల వంటి సముద్ర ప్రాణులు, సందుల్లో పొంచి ఉన్న పొడవాటి చేపలు కనిపిస్తాయి. చుట్టుపక్కల రాళ్ళ మీద సీల్ జంతువులు ఎండకాచుకుంటాయి. చూడాలని కుర్రవాళ్ళకు మనసు కావడంలో వింతేమీ లేదు.

అయితే అదే నీళ్ళలో వెళ్ళకూడని చోట్లు కూడా ఉన్నాయి. 1939 అక్టోబరు 14న జర్మన్ జలాంతర్గామి దాడిలో రాయల్ ఓక్ అనే బ్రిటిష్ యుద్ధనౌక మునిగి 835 మంది చనిపోయారు. వారిలో వంద మందికి పైగా 18 ఏళ్ళు నిండని పిల్లలు. 1917 జులైలో పేలిపోయిన వాన్‌గార్డ్ నౌకతోపాటు 840 మందికి పైగా పోయారు. ఈ రెండూ సముద్రంలోని ఖబరస్తాన్లు. చట్టప్రకారం అనుమతి లేనిదే అక్కడ ఎవరూ నీళ్ళలో దిగరాదు. ఏటా నౌకాదళపు డైవర్లు మాత్రం రాయల్ ఓక్ వద్దకు వెళ్ళి పాత జెండా తీసి కొత్తది కట్టి వస్తారు. జర్మన్ నౌకలు కూడా 2001 నుంచి రక్షిత కట్టడాలు. చూడవచ్చు గాని, జ్ఞాపకానికని చిన్న మేకునైనా తెచ్చుకోకూడదు.

చలి ఏం చేస్తుంది?

మన విశాఖ తీరంలో సముద్రపు నీరు సాధారణంగా 25 డిగ్రీలకు పైనే ఉంటుంది. స్కాపా ఫ్లోలో వేసవి చివర కూడా అది 13, 14 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. గాలి కన్నా నీరు దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. మొదట మొద్దుబారేవి వేళ్ళు. ఒక బకిల్ విప్పడం, ఒక మీట నొక్కడం వంటి చిన్న పనులే కష్టమవుతాయి. ఆ తరువాత ఆలోచన మందగిస్తుంది. సిలిండరులోని గాలి ఒత్తిడి తగ్గుతూ బయటికి వచ్చేటప్పుడు మరింత చల్లబడుతుంది కనుక, చల్లని నీటికి తగినది కాని రెగ్యులేటర్ వాడితే లోపల మంచు కట్టి గాలి ఆగకుండా పోయే ప్రమాదమూ ఉంది.

అందుకే అక్కడి డైవర్లు డ్రై సూట్ వేసుకుంటారు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర నీరు చొరకుండా బిగుతుగా పట్టి ఉండే ఆ దుస్తుల లోపల వెచ్చని బట్టలుంటాయి. కాని దానికీ శిక్షణ కావాలి. పైకి వస్తున్నకొద్దీ సూట్‌లోని గాలి వ్యాకోచిస్తుంది. దాన్ని ఎప్పటికప్పుడు వదలడం చేతకాకపోతే మనిషి బుడగలా ఒక్కసారిగా పైకి తేలిపోతాడు.

అలా తేలిపోవడం ఎందుకు ప్రమాదమంటే, గోలీ సోడాను గుర్తు చేసుకోండి. గోలీ లోపలికి నొక్కగానే ఒత్తిడి తగ్గి, అంతవరకు నీటిలో కరిగి ఉన్న గ్యాసు బుసబుసమని బుడగలై లేస్తుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ వాతావరణ పీడనమంత ఒత్తిడి అదనంగా చేరుతుంది. 30 మీటర్ల లోతున అది పైన ఉన్నదానికి నాలుగు రెట్లు. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తమాంసాల్లో కరుగుతుంది. తొందరపడి పైకి వస్తే అదే బుడగలై కీళ్ళనూ నరాలనూ దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికీ తెస్తుంది. స్కాట్లాండ్‌లోనే పుట్టిన శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి, సహచరులతో కలిసి 1908లో అంచెలంచెలుగా ఆగుతూ పైకి వచ్చే పద్ధతిని ప్రచురించాడు. నేటి నియమాలకు పునాది అదే. నిమిషానికి పది మీటర్లకు మించని వేగంతో రావాలి, 5 మీటర్ల దగ్గర కనీసం మూడు నిమిషాలు ఆగాలి. లోతు, సమయం పెరిగితే ఆగవలసిన వ్యవధి కూడా పెరుగుతుంది.

అంటే 35, 45 మీటర్ల లోతున ఉన్న ఆ నౌకల దగ్గర భయం వేసినా, గాలి తగ్గినా, తల ఎత్తి నేరుగా పైకి ఎగరడం కుదరదు. అక్కడ ఒక్కో శ్వాసకు నాలుగైదు రెట్ల గాలి ఖర్చవుతుంది. పైగా 30 మీటర్లు దాటాక నైట్రోజన్ వల్ల ఒక విధమైన మైకం కమ్మవచ్చు. తనకు మైకం కమ్మిందని కమ్మినవాడికి తెలియదు. పక్కనున్న జోడీకే తెలుస్తుంది. కాబట్టి వెనుదిరగాలనే నిర్ణయం ఇబ్బంది ముదిరాక కాదు, చాలా ముందే జరగాలి.

బొటనవేలు పైకెత్తితే

మనకు బొటనవేలు పైకెత్తడమంటే శభాష్ అనడం. నీటి కింద దాని అర్థం వేరు. ‘ఇక పైకి పోదాం’ అని. బాగానే ఉన్నానని చెప్పడానికి బొటనవేలినీ చూపుడువేలినీ కలిపి సున్నా చుడతారు. డైవర్లు పాటించే మంచి నియమం ఒకటుంది. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా బొటనవేలు ఎత్తవచ్చు. జోడీ అదే సైగ తిరిగి చేసి పైకి బయలుదేరాలి. ఎందుకని అడగడం, ఇంకొంచెంసేపు అని బతిమాలడం ఉండవు. పడవ ఎక్కాక దెప్పిపొడవడం అసలే ఉండదు.

ఈ నియమం ఎందుకు అవసరమో ఊహించవచ్చు. పడవకు డబ్బు ముందే కట్టి ఉంటారు. రోజంతా ప్రయాణం చేసి వచ్చి ఉంటారు. పదిమంది మిత్రులు సిద్ధంగా నిలబడి ఉంటారు. రాత్రి నిద్ర పట్టకపోయినా, జలుబు చేసి చెవులు మూసుకున్నా, ‘నేనొక్కణ్ణి మానేస్తే వీళ్ళేమనుకుంటారో’ అనే మొహమాటం నీళ్ళలోకి తోస్తుంది. చలినీ లోతునూ ఎదుర్కోవడానికి పరికరాలున్నాయి. ఈ మొహమాటాన్ని ఎదుర్కొనే పరికరం దుకాణంలో దొరకదు. అది ఇంట్లో తయారు కావాలి. “నాకు భయంగా ఉంది” అని చిన్నతనంలో అన్న పిల్లవాణ్ణి “మగపిల్లాడివి, భయమేమిటి?” అని నోరు మూయించిన ఇంట్లో పెరిగినవాడు, ముప్పై మీటర్ల లోతున స్నేహితుల ఎదుట బొటనవేలు ఎత్తగలడా?

ఏం అడగాలి?

పిల్లలు ఇలాంటి ప్రయాణం గురించి చెప్పినప్పుడు అడగవలసినవి ఇవి. నీ శిక్షణ ఎంత లోతు వరకు? మొదటి స్థాయి అర్హతకు 18, 20 మీటర్లే హద్దు. అలాంటివారికి పెద్ద నౌకలు తగవు. యుద్ధకాలంలో జలమార్గాలను మూయడానికి ముంచిన, తక్కువ లోతున ఉన్న నౌకలే చాలు. డ్రై సూట్‌తో ఇంతకుముందు ఎన్నిసార్లు దిగావు? ఆస్తమా, గుండె, చెవి సమస్యల గురించి వైద్యుణ్ణి అడిగావా? నీ ప్రయాణ బీమా డైవింగ్‌కు, ఆ లోతుకు వర్తిస్తుందా? చాలా పాలసీలు దీన్ని మినహాయిస్తాయి. చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య ఒక రోజు ఉంచుకున్నావా? పైన క్యాబిన్‌లో ఒత్తిడి తక్కువ కనుక శరీరంలో మిగిలిన నైట్రోజన్ అక్కడ బుడగలు కట్టవచ్చు. ఆ ఖాళీ రోజున అయిదు వేల ఏళ్ళ నాటి స్కారా బ్రే గ్రామ శిథిలాలను చూసిరావచ్చు.

ఇవన్నీ అడిగాక మరొక్క ప్రశ్న మిగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా అదే. “బేటా, పడవ మీద అన్నీ తగిలించుకున్నాక ‘ఇవాళ నేను దిగను’ అని నువ్వంటే, నీతో వచ్చేవాళ్ళు నవ్వుతారా, సరేనంటారా?” నవ్వేవాళ్ళయితే, ఆ జట్టుతో మాత్రం వెళ్ళవద్దని చెప్పండి.