చేలో గరిక కలుపు, వాకిట్లో గరిక లాన్!

అన్నలారా, ఒక్క మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండి. చేలో గరిక కనబడితే మందు కొట్టి చంపుతాం. అదే గరికను 'బెర్ముడా లాన్' అంటే డబ్బులిచ్చి ఇంటి ముందు వేయించుకుంటున్నాం!

నేనూ వేయించా. ఎండాకాలమంతా నీళ్లు పెట్టా, తుంగ పీకా. రెండేళ్లలో ఒక్కపూట కూరకైనా పనికొచ్చిందా? రైతునై ఉండి సంతలో బీరకాయలు కొన్నా. సిగ్గేసింది.

మొన్న తొలకరికి లాన్ తవ్వేసి, అక్కడే రెండు బీర, రెండు సొర పాదులు పెట్టి పందిరి వేశా. రెండు నెలల్లోపే బీర కాపుకొచ్చింది. పండు ఈగ కొన్ని కాయలు పాడుచేసింది, నిజమే. పుచ్చినవి ఏరి లోతుగా పూడుస్తున్నా. మిగిలినవి మందు కొట్టని కాయలు. సంతకొచ్చే కాయకు ఎన్నిసార్లు కొడతారో మనకు తెలియదా?

వినాయకుడి పూజకు గట్టు మీద గరిక చాలు. మీ వాకిట్లో ఏముంది? గడ్డా, కూరా?