ముందు మౌలాలీ రైలు, తర్వాతే బుల్లెట్ రైలు

2026-27 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఏడు హైస్పీడ్ రైలు కారిడార్లను ప్రకటించారు. వాటిలో మూడు మన నగరానికి సంబంధించినవే: పుణె–హైదరాబాద్, హైదరాబాద్–బెంగళూరు, హైదరాబాద్–చెన్నై. ఆనాటి నుంచి స్టేషన్లు ఎక్కడ వస్తాయి, చెన్నైకి ఎన్ని గంటల్లో చేరతాం అన్న లెక్కలే ఎక్కడ చూసినా వినబడుతున్నాయి. ఉప్పల్, నాచారం ప్రాంతాలలో నివసించే మేము అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుందని భావిస్తున్నాము. ఇప్పటికే వేసివున్న పట్టాల మీద సామాన్యునికి అందవలసిన రైలు అందిందా?

మన తూర్పు ప్రాంతానికి రైలు కొత్త కాదు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చిన నిజాం రైలు మార్గం తర్వాత కాజీపేట మీదుగా బెజవాడ దాకా సాగింది. ఆ మార్గంలోనే మౌలాలీ, చర్లపల్లి, ఘట్‌కేసర్ స్టేషన్లున్నాయి. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు ఆ పట్టాలకు దగ్గరలోనే పెరిగాయి. ఉప్పల్‌కు 2017 నవంబరులో మెట్రో వచ్చింది. కాని మెట్రో ఛార్జీని రోజూ రెండు పూటలా భరించగల కుటుంబాలు వేరు, భరించలేని కుటుంబాలు వేరు. ఈ రెండో వర్గానికి ఆధారం కావలసింది ఎంఎంటిఎస్.

ఎంఎంటిఎస్ తొలి రైలు 2003 ఆగస్టు 9న కదిలింది. ఫలక్‌నుమా, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట స్టేషన్ల నుంచి అతి తక్కువ ఛార్జీతో సికింద్రాబాద్, లింగంపల్లి చేరే వీలు పాతబస్తీ కార్మికునికి కలిగింది. మన తూర్పు వైపును కలిపే రెండో దశకు 2012-13లో మంజూరు లభించింది. వ్యయంలో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలన్నది ఒప్పందం. ఆ వాటాల సొమ్ము గురించి ఇరుపక్షాల మధ్య ఉత్తరాలు నడుస్తుండగానే ఏళ్లు గడిచిపోయాయి. చివరకు 2024 మార్చి 5న ఘట్‌కేసర్–లింగంపల్లి రైలుకు పచ్చజెండా ఊపారు. అంటే మంజూరైన నాడు ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు ఇంటర్మీడియట్ ముగించే వేళకు మనకు రైలు వచ్చింది. వచ్చినా, దాని ట్రిప్పులు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే.

ఈ రెండు రకాల రైళ్ల ఖర్చును పక్కపక్కన పెట్టి చూద్దాం. ముంబయి–అహ్మదాబాద్ బుల్లెట్ రైలుకు 2017లో శంకుస్థాపన చేసిననాటి అంచనా 508 కిలోమీటర్లకు సుమారు 1,08,000 కోట్ల రూపాయలు. కిలోమీటరుకు 212 కోట్లకు పైమాటే. మన ఎంఎంటిఎస్ రెండో దశ తొలి అంచనా దాదాపు 816 కోట్లు. అంటే నగరానికి నాలుగు దిక్కులా మార్గాలను బాగుచేసే పథకం మొత్తం, బుల్లెట్ రైలు మార్గంలో నాలుగు కిలోమీటర్ల ఖర్చుకు కూడా సమానం కాదు. రెండు పథకాల ఖర్చూ తర్వాత పెరిగిన మాట నిజమే. కాని నాలుగు కిలోమీటర్ల పాటి సొమ్ముకు పన్నెండేళ్లు ఎదురుచూసిన ప్రజలకు, ఇప్పుడు వందల కిలోమీటర్ల వేగమార్గాలకు నిధుల కొరత లేదని చెబితే అది సమాధానం అనిపించుకోదు.

హైస్పీడ్ రైలును సమర్థించేవారి వాదనలో బలం లేదనడం లేదు. వేగమార్గం వేరుగా ఉంటే పాత మార్గాలపై ఒత్తిడి తగ్గుతుందని, ఆ ఖాళీలో మామూలు రైళ్లు పెంచవచ్చని వారంటున్నారు. జపాన్ 1964లోనే ఈ దారి పట్టిందని గుర్తుచేస్తున్నారు. అయితే జపాన్‌లో మొదటి వేగరైలు నడిచేనాటికే నగరాల చుట్టూ మామూలు రైళ్ల వల దట్టంగా అల్లుకొని ఉంది. టోక్యో–ఒసాకా పాత మార్గం కిక్కిరిసిపోయాకే వారు కొత్త మార్గం వేశారు. కింది అంతస్తు కట్టాక పైఅంతస్తు కట్టారు. మనం పునాది గోడలు సగంలో ఆపి మేడమీద గది గురించి మాట్లాడుకుంటున్నాం.

ఖాళీ అయిన మార్గాల మీద పేదల రైళ్లు పెరుగుతాయన్న హామీని నమ్మడానికి గత అనుభవం అడ్డువస్తోంది. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా ఆపేసిన వృద్ధుల రాయితీ, పురుషులకు 40 శాతం, స్త్రీలకు 50 శాతం, నేటికీ తిరిగి రాలేదు. పాసింజర్ రైళ్లను ఎక్స్‌ప్రెస్ స్పెషళ్లుగా మార్చి పది రూపాయల కనీస ఛార్జీని ముప్ఫై చేశారు. దాన్ని సరిదిద్దడానికి 2024 దాకా పట్టింది. ఇదే కాలంలో వందే భారత్ రైళ్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాటిలో జనరల్ బోగీ అన్నదే లేదు.

ఇది అందరి సమస్య. మరి ముస్లిం కుటుంబాలు ప్రత్యేకంగా ఎందుకు పట్టించుకోవాలి? మనలో నెలజీతం కన్నా స్వయం ఉపాధి మీద బతికేవారే ఎక్కువని 2006లోనే సచార్ కమిటీ నివేదిక చెప్పింది. మెకానిక్, దర్జీ, వెల్డరు, పండ్ల బండి నడిపే వ్యక్తి: వీరికి ప్రయాణ ఖర్చును ఏ యజమానీ ఇవ్వడు, ఆలస్యమైన గంటకు ఏ సెలవూ ఉండదు. పాతబస్తీ ఇరుకు నుంచి ఇటు వచ్చి స్థిరపడిన కుటుంబాలకు బంధువులు, మార్కెట్టు, శుభకార్యాలు, ఖబ్రస్తాన్ ఇంకా అటే ఉన్నాయి. ఉప్పల్ నుంచి చార్మినార్ వైపు మెట్రోలో వెళ్లాలంటే దారిలో రైలు మారి ఎంజిబిఎస్‌లో దిగి మళ్లీ ఆటో పట్టాలి. కాని మౌలాలీ నుంచి మల్కాజిగిరి, సీతాఫల్‌మండి మీదుగా కాచిగూడ, ఫలక్‌నుమా వైపు పట్టాలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిమీద ఉదయం, సాయంత్రం నేరుగా రైళ్లు నడపడానికి కొత్త భూమి కొనక్కరలేదు.

మరొక మాట తల్లిదండ్రులకు. కూతురికి దూరపు కాలేజీలో సీటు వస్తే మన ఇళ్లలో ఫీజు కన్నా ముందు వచ్చే ప్రశ్న, “ఎలా వెళ్తుంది, ఎన్నింటికి తిరిగొస్తుంది?” అన్నది. నమ్మదగిన వేళకు రైలు, అందులో మహిళల బోగీ, స్టేషను బయట దీపాలు, ఇంటిదాకా బస్సు ఉంటే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. లేకపోతే ఆ సీటు వదులుకోవలసి వస్తుంది. కనుక మా దృష్టిలో రైలు వేళలు విద్యాహక్కులో భాగమే.

అయినా మన సంఘాల వినతిపత్రాలలో స్కాలర్‌షిప్పులు, రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు ఉంటాయి, రైలు ఉండదు. రైల్వే ఉద్యోగులలో ముస్లింలు 4.5 శాతమేనని, వారిలోనూ దాదాపు అందరూ కింది స్థాయిలోనే ఉన్నారని అదే సచార్ నివేదిక తెలిపింది. లోపల మన గొంతు అంత బలహీనంగా ఉన్నప్పుడు బయట నుంచి రాతపూర్వకంగా అడగడమే మార్గం. ప్రభుత్వ కచేరీలో దస్త్రాలు మోసిన అనుభవంతో ఒక మాట చెప్పగలం. అర్జీ లేని సమస్యకు ఫైలు ఉండదు, ఫైలు లేని సమస్య కచేరీ దృష్టిలో సమస్యే కాదు.

మేము కోరుతున్నవి నాలుగు. ఒకటి, ఘట్‌కేసర్ నుంచి మౌలాలీ మీదుగా ఫలక్‌నుమాకు ఉదయం, సాయంత్రం నేరుగా ఎంఎంటిఎస్ రైళ్లు, ఘట్‌కేసర్–లింగంపల్లి మార్గంలో అదనపు ట్రిప్పులు. రెండు, ఉప్పల్ రింగ్‌రోడ్డు, నాచారం, మల్లాపూర్ నుంచి మౌలాలీ, చర్లపల్లి స్టేషన్లకు రైలు వేళలను అనుసరించి బస్సులు. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. అక్కడికి చేరే ఆటో ఖర్చు రైలు టికెట్టుకు ఎన్నో రెట్లయితే ఆ భవనం ఎంత అందంగా ఉన్నా పేదవాడికి దూరమే. మూడు, వృద్ధుల రాయితీ పునరుద్ధరణ. నాలుగు, హైస్పీడ్ మార్గాల కోసం భూమి గుర్తించే దశలోనే ఇళ్లు, పొలాలు, ఖబ్రస్తాన్లు, ఈద్గాల వివరాలను స్థానికుల ముందు పెట్టి, 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం నిర్ణయించడం. శంకుస్థాపన తర్వాత ఏళ్ల తరబడి స్తంభాల దశలో ఆగిన పని చుట్టుపక్కల చిన్న దుకాణాలను ఎలా దెబ్బతీస్తుందో ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ రోడ్డు మనకు చూపింది.

ప్రతి మసీదు కమిటీ, ప్రతి బస్తీ సంఘం ఈ నాలుగు కోర్కెలతో ఒక అర్జీ రాసి, పక్కింటి హిందూ, క్రైస్తవ సోదరుల సంతకాలు కూడా తీసుకొని, సికింద్రాబాద్ రైల్ నిలయంలో ఇచ్చి రసీదు పుచ్చుకోవాలి. ఎంపీకి ఒక ప్రతి పంపాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో, ఘట్‌కేసర్ మార్గంలో గత ఏడాది ఎన్ని ఎంఎంటిఎస్ ట్రిప్పులు నడిచాయో, ఎన్ని రద్దయ్యాయో అడగాలి. ఆ అంకెలు చేతికి వచ్చాక, బుల్లెట్ రైలు గురించి మాట్లాడే నాయకుల ముందు వాటిని ఉంచి జవాబు అడుగుదాం.