ఇంటిపేరు అడిగేది ఎందుకు?

కవి పుట్టపర్తి నారాయణాచార్యులు 1914లో జన్మించింది అనంతపురం దగ్గరి చియ్యేడులో. వారి పూర్వీకుల ఇంటిపేరు తిరుమల. చిత్రావతి ఒడ్డున పుట్టపర్తిలో నివసించినందువల్ల ఆ ఊరి పేరే వారికి ఇంటిపేరైంది. 1926లో పుట్టపర్తిలోనే జన్మించిన సత్యసాయిబాబా ఇంటిపేరు మాత్రం రత్నాకరం. ఊరి పేరు ఇంటిపేరయ్యేది సాధారణంగా ఊరు విడిచినవారికి; ఊళ్లో ఉన్నంతకాలం అందరూ ఆ ఊరివారే.

తెలుగునాట అనేక ఇంటిపేర్లు ఇలా ఊళ్ల నుంచి వచ్చినవే. అందుకే ఒకే ఇంటిపేరు పలు కులాలలో కనిపిస్తుంది. అయినా మౌఖిక పరీక్షకు వచ్చిన విద్యార్థిని ఇంటిపేరు అడగడం తరచుగా కులం ఆరా తీయడానికే. దానితో తేలకపోతే తండ్రి పేరు, ఆపై "ఊళ్లో మీ ఇల్లెక్కడ?" అన్న ప్రశ్న వస్తుంది. ఊరి పేరు అందరిదీ. వాడ పేరు చెప్పవలసి వచ్చేది కొందరే.

రిజర్వేషన్ల కోసం కులాన్ని నమోదు చేయడం హక్కుకు ఆధారం. మార్కులు వేసే బల్ల దగ్గర దాన్ని ఆరా తీయడం వివక్షకు ద్వారం. ఈ రెంటినీ ఒకటిగా చూడరాదు. పరీక్షకుల చేతిలోని జాబితాలో ఇంటిపేర్లకు బదులు సంఖ్యలే ఉండాలి. విశ్వవిద్యాలయాలు ఈపాటి మార్పుకైనా వెంటనే పూనుకోవాలి.