మాస్కో చూడని ‘మ్యూల్’

పేరులో మాస్కో ఉంది. కానీ ఆ ఊరితో దానికి దూరపు చుట్టరికం కూడా లేదు. మ్యూల్ అంటే కంచరగాడిద. గ్లాసులో దాని జాడా ఉండదు. అయినా ‘మాస్కో మ్యూల్’ అంటే ప్రపంచమంతా తెలిసిన కాక్‌టెయిల్. అందులో వేసేవి ముచ్చటగా మూడే... వోడ్కా, జింజర్ బీర్, నిమ్మరసం. అల్లం ఘాటు గొంతులో కంచరగాడిద తన్నినట్టు తగులుతుంది కాబట్టి మ్యూల్, వోడ్కా రష్యాది కాబట్టి మాస్కో. పుట్టిందేమో 1941 ప్రాంతంలో, అమెరికాలో!

అమ్ముడుపోని సరుకు

అప్పట్లో అమెరికన్లకు తెలిసిన మందు విస్కీ, జిన్, రమ్. వోడ్కా అంటే ఏమిటో చాలామందికి తెలియదు. రష్యాలో స్మిర్నోవ్ కుటుంబానిది పేరుమోసిన వోడ్కా వ్యాపారం. 1917 విప్లవంతో అది కాస్తా తలకిందులైంది. దేశం విడిచిపోయిన వారసుడి దగ్గర అమెరికా హక్కులు కొని రుడాల్ఫ్ కునెట్ అనే వలసదారు కనెక్టికట్‌లో స్మిర్నాఫ్ తయారీ మొదలుపెట్టాడు. గిట్టుబాటు కాలేదు. 1939లో ఆ హక్కుల్ని హ్యూబ్లిన్ కంపెనీ అధినేత జాన్ మార్టిన్ కొన్నాడు. ఆయనకీ అదే తంటా... కొనేవాళ్లు లేరు.

అదే సమయంలో లాస్ ఏంజెలిస్‌లో జాక్ మోర్గాన్‌ది ఇంకో బాధ. ఆయన సన్‌సెట్ స్ట్రిప్‌లో ‘కాక్ ఎన్ బుల్’ అనే రెస్టారెంట్ నడిపేవాడు. సొంతంగా జింజర్ బీర్ కూడా తయారుచేయించాడు. దాన్నీ ఎవరూ అడగలేదు. ఈ ఇద్దరూ న్యూయార్క్‌లోని చాతమ్ హోటల్ బార్‌లో కలిసి, ఒకరి సరుకులో మరొకరి సరుకు కలిపి, నిమ్మరసం పిండి చూశారన్నది ఒక కథ. కాదు, గోదాంలో పేరుకుపోయిన సీసాలు వదిలించుకోవడానికి కాక్ ఎన్ బుల్ బార్‌టెండర్ వెస్ ప్రైస్ కలిపాడన్నది ఇంకో కథ. ఏది నిజమైనా, పోని సరుకులు రెండూ ఒకే గ్లాసులో పడి అమ్ముడుపోయాయి!

ఆ తరవాత మార్టిన్ ఇంకో ఎత్తు వేశాడు. 1948లో పోలరాయిడ్ ఇన్‌స్టంట్ కెమెరా మార్కెట్లోకి వచ్చింది. అదొకటి కొని బార్ల చుట్టూ తిరిగాడు. బార్‌టెండర్ చేతికి స్మిర్నాఫ్ సీసా, రాగి మగ్గు ఇచ్చి రెండు ఫొటోలు తీసేవాడు. ఒకటి అతనికే ఇచ్చేవాడు. రెండోది పక్క బార్‌లో చూపించి, ‘చూడండి, వాళ్లు అమ్ముతున్నారు’ అనేవాడు. దాంతో ఊరంతా పాకిపోయింది. ప్రచ్ఛన్నయుద్ధం తొలినాళ్లలో ‘మాస్కో పేరున్నది మాకొద్దు’ అంటూ న్యూయార్క్ బార్‌టెండర్లు కొందరు ఊరేగింపులో నిరసన చెప్పినా మ్యూల్ జోరు తగ్గలేదు. 1970ల్లో అమెరికాలో వోడ్కా అమ్మకాలు బర్బన్ విస్కీని దాటేశాయి. అందుకు తొలి బాట వేసింది ఈ కంచరగాడిదే.

బీరు కాని బీరు

జింజర్ బీర్ అంటే బార్లీతో చేసే బీరు కాదు. అల్లం, పంచదార, నీళ్లు పులియబెట్టిన పానీయం. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మొదలైంది. దాన్ని పులియబెట్టే జిగురుముద్దను అక్కడివాళ్లు ‘జింజర్ బీర్ మొక్క’ అనేవారు. నిజానికి అది మొక్కేం కాదని, ఈస్టూ బ్యాక్టీరియా కలిసి కాపురముంటున్నాయని 1892లో తేల్చినవాడు హ్యారీ మార్షల్ వార్డ్ అనే వృక్షశాస్త్రవేత్త.

ఈ పానీయం న్యాయశాస్త్రంలోకి కూడా ఎక్కింది. 1928 ఆగస్టు 26, ఆదివారం. స్కాట్లండ్‌లోని పైస్లీ పట్టణంలో ఓ కేఫ్. మే డొనహ్యూ అనే మహిళకు స్నేహితురాలు జింజర్ బీర్ కొనిపెట్టింది. సీసా లోపల ఏముందో బయటికి కనబడదు. సగం తాగాక మిగతాది వంపితే కుళ్లిన నత్త బయటపడిందని ఆమె ఫిర్యాదు. డబ్బిచ్చింది స్నేహితురాలు కాబట్టి అమ్మినవాడితో ఆమెకు ఒప్పందమే లేదు. మరి ఎవరిమీద కేసు వెయ్యాలి? తయారుచేసినవాడి మీదే వేసింది. సరుకు వాడే మనిషి పట్ల తయారీదారు జాగ్రత్త వహించి తీరాలని 1932లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. లా చదివే మన విద్యార్థులు కూడా ఇప్పటికీ చదువుకునే కేసు ఇది.

ఇంట్లో ఇలా...

ఇప్పుడు దుకాణాల్లో దొరికే జింజర్ బీర్‌లో ఎక్కువభాగం పులియబెట్టినది కాదు. అల్లం రుచి కలిపిన సోడానే. అది దొరక్కపోయినా బెంగలేదు. పావుగంట పని.

వంద గ్రాముల అల్లం కడిగి, చెక్కు తీసి, తురమండి. మూడొంతులు పక్కన పెట్టి, మిగతా పావువంతు తురుములోంచి రసం పిండండి. మూడొంతుల తురుమును కప్పు పంచదార, కప్పు నీళ్లతో కలిపి సన్నసెగమీద పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి చల్లారనివ్వండి. వడకట్టాక పచ్చి రసం కలపండి. మరిగితే అల్లంలోని ఘాటు కొంత మెత్తబడుతుంది. చివర్లో పచ్చి రసం కలిపేది అందుకే. రసాన్ని కాసేపు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. పైన తేటను మాత్రమే వంచుకోవాలి. ఈ పాకం ఫ్రిజ్‌లో వారం నిలవుంటుంది. రెండు మూడు చెంచాల పాకానికి 120 మిల్లీలీటర్ల చల్లటి సోడా పోస్తే జింజర్ బీర్ సిద్ధం.

పులియబెట్టి చేసుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడ ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు. పంచదారను తిన్న ఈస్టు బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. మూత బిగించిన సీసాలో అది పోయేదారి లేక ఒత్తిడి పెరుగుతుంది. మన ఎండల్లో ఒక్కరోజు ఏమరినా గాజుసీసా పేలి పెంకులు ఎగురుతాయి. అందుకే ప్లాస్టిక్ సోడాసీసాలోనే, పైన కాస్త ఖాళీ ఉంచి పోయాలి. సీసాను వేళ్లతో నొక్కితే గట్టిగా తగిలిందా, వెంటనే ఫ్రిజ్‌లోకి చేరాలి. పులిసినదాంట్లో ఎంతోకొంత ఆల్కహాల్ తయారవుతుంది కాబట్టి పిల్లలకు సోడా పద్ధతే మేలు.

ఇక అసలు మ్యూల్. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం చెప్పిన కొలత... వోడ్కా 45, జింజర్ బీర్ 120, తాజా నిమ్మరసం 10 మిల్లీలీటర్లు. ముందు ఐసుముక్కలు, వాటిమీద వోడ్కా, నిమ్మరసం, ఆఖర్న జింజర్ బీర్. చెంచాతో ఒక్కసారి తిప్పితే చాలు. గట్టిగా కలిపితే బుడగలు పోతాయి. పైన నిమ్మచెక్క.

అల్లం ఘాటు వోడ్కాను దాచేస్తుంది. ఉన్నట్టే తెలియదు. కానీ ఆ 45 మిల్లీలీటర్లలో దాదాపు 15 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మద్యానికి సురక్షిత మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంచేసింది. 21 ఏళ్లలోపువారికి మద్యం అమ్మకూడదన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటా చట్టం. తాగాక బండి తాళం ముట్టుకోకూడదన్నది వేరే చెప్పాలా!

మగ్గు మాటేమిటి?

మ్యూల్‌కు ఆనవాలు రాగి మగ్గు. ఐసు చలువ చేతికి చల్లగా తగలడం, బయట నీటిచుక్కలు పట్టడం బాగానే ఉంటాయి. చిక్కంతా లోపలే. రాగికీ పులుపుకూ పడదు. నిమ్మరసంలాంటివి పోస్తే రాగి కరిగి పానీయంలోకి దిగుతుంది. అది ఎక్కువైతే కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు. అందుకే ఆమ్లగుణం ఉన్న పదార్థాలకు, అంటే పీహెచ్ ఆరుకన్నా తక్కువ ఉన్నవాటికి, రాగి నేరుగా తగలకూడదని అమెరికా ఆహార నియమావళి అంటుంది. మాస్కో మ్యూల్ కూడా ఆ కోవలోకే వస్తుందని 2017లో అయోవా రాష్ట్ర అధికారులు బార్లకు గుర్తుచేశారు. లోపల స్టీలు లేదా నికెల్ పూత ఉన్న మగ్గులైతే ఇబ్బంది లేదు.

మన ఇళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు. ఇత్తడి గిన్నెలో పులుసు కాచాలంటే లోపల కళాయి ఉండాల్సిందే. బాగా కాల్చిన గిన్నెలో నవాసారం చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో తిప్పి పూసేవాళ్లు వీధివీధికీ వచ్చేవాళ్లు. కళాయి పోయిన గిన్నెలో చింతపండు పులుసు గానీ, మజ్జిగ గానీ ఉంచితే చిలుమెక్కుతుందని అమ్మమ్మలు ఒప్పుకునేవాళ్లు కాదు. ఇప్పుడు రాగి చెంబులు, రాగి గ్లాసులు మళ్లీ కానుకలుగా ఇళ్లకు చేరుతున్నాయి. వాటిలో మంచినీళ్లు పోసుకోండి. నిమ్మరసం, మజ్జిగ, పళ్లరసం మాత్రం స్టీలు గ్లాసులోనో గాజు గ్లాసులోనో పోయండి. లోపల కూడా రాగిరంగే కనిపిస్తోందంటే పూత లేదనే అర్థం.

పిల్లలకు, మందు ముట్టనివాళ్లకు ఇదే పద్ధతిలో వోడ్కా మానేసి, చిటికెడు ఉప్పు, నాలుగు పుదీనా ఆకులు వేసివ్వండి. మరికాస్త ఘాటు కావాలంటే కొంచెం శొంఠిపొడి. తన్ను ఎటూ అల్లానిదే... వోడ్కా లేకున్నా తగ్గదు!