అధికారము యంత్రమునకు, అపరాధము చోదకునకు

మోటారుబండి ముందరి యద్దముపై బడు వాననీటిని దుడుచుట కాజ్ఞ యెవరిది? 1903లో అమెరికాదేశమున మేరీ ఆండర్సన్ అను వనిత పేటెంటు పొందిన సాధనమునకు లోపల నొక చేతిమీట యుండెను. వాన పడినపుడు మనుష్యుడు మీటను ద్రిప్పును, అద్దము శుభ్రమగును. పిమ్మట వైపరునకు విద్యుచ్ఛక్తి వచ్చినది, పలు వేగములు వచ్చినవి. ఆజ్ఞ మాత్రము మనుష్యుని చేతనే యుండెను. నేడు ఆ యాజ్ఞను గూడ యంత్రమే గైకొన్నది. ఆటోమేటిక్ వైపర్లని విక్రేతలు దానిని గీర్తించుచున్నారు, కొన్నవారు మొఱపెట్టుకొనుచున్నారు.

వారి మొఱ యేమి? తుంపరతో నద్దము మసకబారి త్రోవ కానరాకున్నను వైపరు కదలదు. ఎండ కాయుచుండగా పొడి యద్దముపై పరుగులిడి దుమ్ముతో గీతలు గీయును. ఇందులకు గారణము తెలిసినదే. పెక్కు బండ్లలో, వెనుకటి దారిని జూపు నద్దము చాటున నంటించిన చిన్న పరికర మొకటి కంటికి గానరాని పరారుణ కిరణములను ముందరి యద్దములోనికి బంపును. అద్దము పొడిగా నున్నచో కిరణములు తిరిగి వచ్చును; నీటిబొట్లున్నచో కొంత వెలుతురు బయటికి బోవును. ఆ తగ్గుదలను బట్టి యది వాన యని యూహించును. అది చూచునది తన యెదుటి చిన్న తావును మాత్రమే. చోదకుని కన్నుల యెదుటి యద్దమును గాదు. అద్దమును మార్చినపుడు నడుమ గాలిబుడగలు చిక్కినచో నా యూహయు దప్పును. టెస్లా కంపెనీ 2016 చివరినుండి క్రొత్త బండ్లలో నీ పరికరమును మాని కెమేరాలకే యా పని నప్పగించినది. అంతట ఫిర్యాదులు తీరలేదు.

యంత్రము పొరబడుట వింత గాదు. మా యభ్యంతరము వేఱు. కొందఱు నిర్మాతలు యంత్రమునకు బని నొప్పగించుటతో దృప్తిజెందక, వేగమును మార్చు మీటను దొలగించి, ఆ యధికారమును టచ్‌స్క్రీనులో దాచినారు. ఫలమును జర్మనీలో టెస్లా బండి నడుపు చోదకు డొకడు అనుభవించెను. జోరువానలో తెరపై వైపరు వేగమును సవరింపబోయి బాట దప్పి చెట్లను ఢీకొనెను. 2020లో కార్ల్స్‌రూహె ఉన్నతన్యాయస్థానము అతనికి విధించిన 200 యూరోల జరిమానాను, ఒక నెల బండి నడుపరాదను నిషేధమును స్థిరపఱచెను. చోదకుడు బాటపై చూపు నిలుపవలసినదే; తీర్పును మేము తప్పుపట్టము. కాని చూపు మఱలింపక వైపరును సవరింప వీలుకాని బండిని నిర్మించినవాని మాట యేమి?

1765లో క్లైవు వంగదేశమున నెలకొల్పిన ద్వంద్వప్రభుత్వమును మన చదువరులు మఱచియుండరు. రాబడి కంపెనీది, పరిపాలన బాధ్యత నవాబుది. ఉపమానము పెద్దదే కావచ్చును. అన్యాయపు తీరు మాత్ర మొక్కటే. వైపరుపై నధికారము నిర్మాతది. వైపరు కదలనినాడు దండన చోదకునిది.

ఇది సౌకర్యము కొఱకే గదా యందురు. పనిచేసినంతవఱకు సౌకర్యమే, మేము కాదనము. సేవకుని నియమించుకొన్నంత మాత్రమున యజమాని తన చేతులు నఱికికొనవలెనా? ఐరోపాలో క్రొత్తకార్ల భద్రతను బరీక్షించు యూరో ఎన్‌క్యాప్ సంస్థ, వైపరు, హారను మొదలగువానికి చేతికందు మీటలో బొత్తాములో యుండవలెనని 2026 నుండి తన పరీక్షలలో జేర్చినది. 2023లో నారంభమైన మన భారత్ ఎన్‌క్యాప్ ఇంతకు దక్కువ కోరుట తగదు. మన తొలకరి జల్లులు, మన లారీలు చిమ్ము బురదనీరు ఐరోపావానికంటె సాధువులు గావు.

చట్టము వచ్చుదాక కొనువారు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కఱలేదు. బండి రంగును, తెర వెడల్పును విచారించుటకు ముందు దుకాణదారుని "వైపరు మీట యెక్కడ?" అని యడుగుడు. చూపింపలేనిచో ఆ బండిని అతనికే విడిచి రండు. కొనువాడు లేని వస్తువును ఏ కంపెనీయు నెంతోకాలము నిర్మింపదు.