వేడి పుట్టింది సరే, ఎటు పోయింది?

ఏ సైన్స్ ఫెయిర్‌కి వెళ్లినా అగ్నిపర్వతం తప్పదు. మట్టి కొండ, నడిమిన సీసా, సీసాలో వంట సోడా. ఎర్ర రంగు కలిపిన వెనిగర్ పోయగానే నురగ పొంగుతుంది, ముఖ్య అతిథి చప్పట్లు కొడతారు. ఆ సీసాలో థర్మామీటరు పెట్టి చూసినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు. పెడితే తెలిసేది, పాదరసం పైకి పోదు, కిందికి దిగుతుంది. అది వేడిని పీల్చుకునే చర్య. చల్లబడే నురగను లావా అని చూపించి బహుమతులు పట్టుకుపోతున్నారు మన పిల్లలు.

ప్రమాదం లేని ప్రయోగం కాబట్టి దాన్ని క్షమించవచ్చు. నిజంగా నిప్పులు కక్కే ఇంకో అగ్నిపర్వతం ఉంది, అమ్మోనియం డైక్రోమేట్‌ది. నారింజ రంగు పలుకుల కుప్పను అంటిస్తే మెరుపులు చిమ్ముతూ ఆకుపచ్చ బూడిదవుతుంది. చూడ్డానికి బ్రహ్మాండం. కానీ అందులో ఉన్నది క్యాన్సర్ కారకమైన ఆరో సంయోజకత క్రోమియం. కాలకుండా మిగిలిన పొడి కొంత గాల్లోకి లేస్తుంది, ముందు వరుసలో కూర్చున్నవాళ్లు పీలుస్తారు. అది తరగతి గదిలో ఉండకూడదు, అంతే.

మంట లేకపోతే పిల్లలు చూడరండీ, అంటారు కొందరు మాస్టార్లు. అమెరికాలో లోహ లవణాల రంగు మంటలు చూపించడానికి తరగతి బల్ల మీద మిథనాల్ పోసి, విద్యార్థులను కాల్చిన సంఘటనలు ఒకటి కాదు, చాలా జరిగాయి. అక్కడి రసాయన భద్రతా బోర్డు 2013లో దీని మీద ఒక వీడియోనే తీసి విడుదల చేసింది. ఆ పిల్లలూ చూస్తూనే ఉన్నారు మరి.

ఇంతకూ ఉష్ణమోచక చర్య అంటే మన బడిలో ఏమిటి? ఒక నిర్వచనం, ఒక ఉదాహరణ, ఒక మార్కు బిట్టు. పొడి సున్నంలో నీళ్లు పోయండి, బీకరు తాకండి, వెచ్చగా ఉందా, అయిపోయింది. ఎంత సున్నానికి ఎంత వేడి? 56 గ్రాములకు దాదాపు 65 కిలోజౌళ్లు. గ్రాము సున్నాన్ని 10 మిల్లీలీటర్ల నీళ్లలో వేస్తే లెక్క ప్రకారం పెరిగేది పాతిక డిగ్రీలు. అవే నీళ్లలో 10 గ్రాములు వేస్తే నీళ్లు మరిగి, సున్నం ముఖం మీదికి చిమ్ముతుంది. చర్య మారలేదు, సమీకరణం మారలేదు, మారింది మోతాదు ఒక్కటే. ఆ మోతాదు మీద మన ప్రశ్నపత్రంలో ప్రశ్న ఉండదు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సంగతీ అంతే. విరిగిన ఎముకలకు కట్టు కడతారని, బొమ్మలు చేస్తారని ఉపయోగాలు వల్లె వేయిస్తాం. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుందని నొక్కి చెప్పం. పలచటి పొరగా పూస్తే ఆ వేడి తెలియదు కూడా. ముద్దగా ఉంటే 60 డిగ్రీల దాకా పోతుంది. 2007లో ఇంగ్లండులో ఒక బడిలో, చేతి అచ్చు తీసుకుందామని బకెట్టులోని ప్లాస్టర్‌లో చేతులు పెట్టిన పదహారేళ్ల అమ్మాయి వేళ్లు చాలావరకు కోల్పోయింది. ప్లాస్టర్ బిగిసిపోయింది, చేతులు బయటికి రాలేదు.

పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపు చేస్తే లోపలి సరుకు ఎనిమిది రెట్లవుతుంది, వేడి బయటికి పోవలసిన గోడలు నాలుగు రెట్లే. పరీక్షనాళికలో బుద్ధిగా ఉన్నది ట్యాంకులో ఎందుకు తిరగబడుతుందో ఈ లెక్కలోనే ఉంది. విశాఖ పక్కన వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున జరిగింది అదే. ప్లాస్టిక్ ముడిసరుకైన స్టైరీన్ అణువులు గొలుసు కట్టేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి గొలుసులు ఇంకా త్వరగా కడతాయి. దాన్ని ఆపే నిరోధకం తరిగిపోయిన ట్యాంకులో అది అదుపు తప్పింది. బయటికి వచ్చిన ఆవిరికి 12 మంది పోయారు. ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగున మాత్రమే కొలిచేవారని విచారణలో తేలింది. వేడెక్కింది పైభాగం. థర్మామీటరు ఎక్కడ పెట్టాలి అనేది పదో తరగతి ప్రశ్నే కదా!

ఇక హరిత రసాయనశాస్త్రం. పాల్ అనాస్టస్, జాన్ వార్నర్ 1998లో చెప్పిన 12 సూత్రాల్లో చివరిది ప్రమాదాల గురించే: ప్రమాదానికి ఆస్కారం తక్కువగా ఉండే పదార్థాలనే ఎంచుకోమని. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో ఈ విషయం పర్యావరణ అధ్యాయం చివర ఉండేది. 2022లో సిలబస్ బరువు దించినప్పుడు ఆ అధ్యాయమే పోయింది. నిజం చెప్పాలంటే నాకు పెద్దగా బాధ కలగలేదు. ఆకుపచ్చ రంగు బొమ్మతో చివరి పేజీల్లో ఉంటే దాన్ని ఎలాగూ ఎవరూ చెప్పరు. దాని చోటు వేడి పాఠంలోనే.

భోపాల్‌ను చూడండి. 1984లో ఆ రాత్రి ట్యాంకులో ఉన్న 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్‌లోకి నీళ్లు చేరాయి, చర్య వేడి పుట్టించింది, ఆవిరి ఊరి మీద పడింది. సెవిన్ పురుగుమందు తయారీలో ఆ పదార్థం మధ్య మజిలీ మాత్రమే. ఫాస్జీన్‌ను ముందు మిథైలమైన్‌తో కలిపితే అది పుడుతుంది. ముందు నాఫ్తాల్‌తో కలిపి, తర్వాత మిథైలమైన్ వేస్తే అది పుట్టనే పుట్టదు. అవే ముడిసరుకులు, అదే పురుగుమందు, కలిపే వరుస వేరు. ఫాస్జీన్ విషం అక్కడా ఉంది కాబట్టి అదేం పుణ్యమార్గం కాదు. అయినా ఇంటర్ పిల్లలకు ఈ రెండు దారులూ బోర్డు మీద వేసి చూపడానికి పావుగంట చాలు.

చేతితో చేయించడానికీ దారి ఉంది. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను 3 శాతానికి పలచన చేసి, చిటికెడు ఈస్ట్ వేస్తే వేడి పెరుగుతుంది, మిగిలేది నీళ్లు, ఆక్సిజన్. ఎంత పెరిగినా 20 డిగ్రీలు దాటదు. 30 శాతం ద్రావణమైతే మరిగి ఎగిరిపడుతుంది, అది బడి గడప తొక్కకూడదు. పలచని ద్రావణాన్నే సగం వెడల్పాటి స్టీలు పళ్లెంలో, సగం మూత తీసేసిన థర్మాస్ ఫ్లాస్కులో పోసి, ఈస్ట్ వేసి, నిమిషానికోసారి ఉష్ణోగ్రత రాయమనండి. రెండు గీతలూ గ్రాఫు మీద విడిపోతాయి. తర్వాత అడగండి: ఫ్లాస్కు స్థానంలో పెద్ద ట్యాంకు ఉంటే థర్మామీటర్లు ఎన్ని పెడతావు, ఎక్కడెక్కడ పెడతావు, ఎందుకు? దీనికి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. బిట్టుగా అడగడం మాత్రం కుదరదు.